మంచు రాసిన గీతలు: చలికాలపు హిమానీనదాల నైరూప్య ఛాయాచిత్రాలు

హిమానీనదాలను కొలిచే శాస్త్రవేత్తలు ఎండాకాలం చివర కొండెక్కుతారు. పాత మంచు కరిగిపోయి, కొత్త మంచు ఇంకా పడని ఆ కొద్ది వారాల్లోనే హిమానీనదం ఒళ్లంతా బయటపడుతుంది. ఆ ఏడు ఎంత కరిగింది, దాని మూతి ఎంత వెనక్కి జరిగింది అన్న లెక్క అప్పుడే తేలుతుంది. హిమానీనదాన్ని చిత్రంగా చూసే ఫొటోగ్రాఫర్లు మాత్రం చాలామంది చలికాలం కోసం కాచుకుని ఉంటారు. కొలిచేవాళ్లకు అడ్డు తగిలే మంచు దుప్పటి, రోజుకు నాలుగు గంటలు మాత్రమే ఉండే వెలుతురు, రాళ్లూ మట్టీ కప్పబడిపోయిన నేల, ఇవన్నీ వీళ్లకు కలిసివచ్చే సంగతులు. దిగంతం ఉండదు, ఆకాశం ఉండదు, కొండ శిఖరం ఉండదు. ఫ్రేమ్ నిండా గీతలు, మడతలు, నీలం, తెలుపు, బూడిదరంగు. అది అరచేతి వెడల్పున్న మంచుగడ్డో, ఊరంత లోయో చెప్పలేం. దీన్నే నైరూప్య ఛాయాచిత్రం అంటున్నాం.

ఈ పద్ధతి మీద గత వందేళ్లలో చాలా పని జరిగింది. దానిమీద ఒక ఆక్షేపణ కూడా పుట్టింది. కళ్లముందే కరిగిపోతున్నదాన్ని ఊరూ పేరూ తెలియని అందమైన గీతలుగా మార్చడం న్యాయమేనా? ఈ ప్రశ్నను పక్కకు నెట్టే హక్కు ఈ బొమ్మలను ఇష్టపడేవాళ్లకు లేదని నా నమ్మకం. నేనూ ఆ ఇష్టపడేవాళ్లలో ఒకణ్ణే. అందుకే ఆ గీతలు ఎక్కణ్ణుంచి వస్తాయో ముందు చూడాలి.

దానికి మన భాషలో చిన్న చిక్కుంది. తెల్లవారుజామున పొలాల మీద దిగేదీ మంచే, గడ్డికొసన నిలిచే చుక్కా మంచే, చలికాలంలో జనం లంబసింగి వెళ్లి చూసేదీ మంచే, హిమాలయాల మీద పేరుకున్నదీ మంచే. కృష్ణా గోదావరులు వానల మీద బతికే నదులు. వాటి పుట్టుకలో హిమానీనదం లేదు. మంచులోని రకాలకు విడివిడి పేర్లు పెట్టుకోవలసిన అవసరం మనకు రాలేదు. ‘హిమానీనదం’ పుస్తకాల్లోంచి వచ్చిన మాట. అయినా మంచి మాట, అందులో నది ఉంది. ఈ వ్యాసంలో ఆకాశం నుంచి రాలే మెత్తటిదాన్ని మంచు అనీ, ఏళ్ల తరబడి బరువు కింద నలిగి రాయిలా గట్టిపడ్డదాన్ని మంచుగడ్డ అనీ అంటాను. రెంటికీ ఉన్న ఈ తేడాయే చలికాలపు ఫొటోకు ప్రాణం.

అప్పుడే పడిన మంచు ఘనమీటరుకు 50 నుంచి 100 కిలోలకు మించి తూగదు, మిగిలినదంతా గాలి. ఏటికేడు కొత్త పొరలు మీద పడుతుంటే కిందిది నలుగుతుంది, రేకులు విరిగి గింజలవుతాయి, గింజలు అతుక్కుంటాయి. సాంద్రత 830 కిలోలకు చేరేసరికి లోపలి గాలికి బయటికి దారి మూసుకుపోయి అది బుడగలుగా చిక్కుపడుతుంది. స్వచ్ఛమైన మంచుగడ్డ సాంద్రత 917. బుడగలు ఎక్కువగా ఉన్నచోట వెలుతురు నాలుగు వైపులా చెదిరి మంచుగడ్డ తెల్లగా కనిపిస్తుంది. ఒత్తిడికి బుడగలు నలిగి చిన్నవైపోయిన చోట వెలుతురు లోతుగా దిగుతుంది. మంచుగడ్డ ఎరుపును కొద్దికొద్దిగా తాగేస్తుంది, నీలాన్ని దాదాపు ముట్టుకోదు. మీటర్ల దూరం లోపల ప్రయాణించి బయటికి వచ్చే వెలుతురులో మిగిలేది నీలమే. ఆకాశం నీలం వేరు, ఇది వేరు. ఇది మంచుగడ్డ సొంత రంగు, నీటి అణువుల కదలిక నుంచి పుట్టిన రంగు.

మరి ఎండాకాలంలో అదే హిమానీనదం మాసిన తెల్లగా ఎందుకుంటుంది? ఎండ పైపొరలోకి కొన్ని సెంటీమీటర్లు దిగి, స్ఫటికాల అంచుల వెంట కరిగించి, పైనంతా బొరియలుబొరియలుగా పెళుసు చేస్తుంది. ఆ పెళుసు పొర వెలుతురును చెదరగొడుతుంది. ఐస్‌లాండ్ దక్షిణ తీరంలో శరత్కాలపు వానలు, గాలులు ఈ పొరను కడిగేస్తాయి. తర్వాత ఎండ బలహీనపడి కొత్త పొర ఏర్పడదు. నవంబరు నుంచి మార్చి దాకా, గాలి మంచును ఊడ్చేసిన చోట్ల, లోపలి నీలం గాజులా బయటపడుతుంది. ఫొటోగ్రాఫర్లు చలికాలంలో వత్నయొకుల్ అంచులకు చేరడానికి అసలు కారణం ఇదే. ఆ దేశపు నేలలో దాదాపు 8 శాతాన్ని కప్పి ఉన్న ఈ మంచు టోపీ నుంచి పదుల సంఖ్యలో నాలుకలు పల్లానికి దిగుతాయి. వాటిలో బ్రెయిడమెర్కుర్‌యొకుల్ ఒకటి. దాని ముందు 1930లలో ఏర్పడడం మొదలైన యొకుల్‌సార్లోన్ సరస్సు ఈ రకం ఫొటోలకు పుట్టిల్లు లాంటిదైంది.

ఆ నీలంలో నల్లటి చారలు కనిపిస్తాయి. కొన్ని సన్నటి దారాల్లా, కొన్ని బొగ్గుతో గీసినట్టు మందంగా, కొన్ని మెలికలు తిరిగి. అవి చాలావరకు అగ్నిపర్వతాల బూడిద. వత్నయొకుల్ కిందనే గ్రిమ్స్‌వోట్న్ అనే అగ్నిపర్వతం ఉంది. 2011 మే నెలలో పేలింది. పేలిన ప్రతిసారీ బూడిద మంచు మీద పరుచుకుంటుంది, దానిమీద మళ్లీ మంచు పడుతుంది, పొర లోపలికి వెళ్లిపోతుంది. ఎగువన పూడ్చిన ఆ పొర హిమానీనదంతో పాటు నడిచి, వంగి, మడతపడి, ఎన్నో ఏళ్ల తర్వాత దిగువన బయటపడుతుంది. ఫొటోలో మనం మెచ్చుకునే ఆ నల్లగీత ఒకానొక ఏడాది జరిగిన విస్ఫోటనం. గీసిన చెయ్యి ఫొటోగ్రాఫర్‌ది కాదు.

ఇలాంటిదే ఇంకొకటి, నా కంటికి అన్నిటికన్నా అందమైనది, ఒగివ్‌లు అనే విల్లు ఆకారపు పట్టీలు. ఫ్రాన్స్‌లో మోంబ్లాఁ పక్కనున్న మెర్ ద గ్లాస్ మీద వీటిని 1842లో శాస్త్రవేత్త జేమ్స్ ఫోర్బ్స్ గమనించి వర్ణించాడు. హిమానీనదం నిట్టనిలువు మెట్టు మీంచి జారే చోట మంచుగడ్డ ముక్కలై సాగుతుంది. ఎండాకాలంలో అక్కడ దాటే భాగం ఎక్కువ కరిగి దుమ్ము పట్టి నల్లబడుతుంది. చలికాలంలో దాటే భాగం మంచు నింపుకుని తెల్లగా ఉంటుంది. మెట్టు దిగాక మళ్లీ అతుక్కుని నడుస్తున్నప్పుడు ఒక నలుపు, ఒక తెలుపు కలిపి ఒక సంవత్సరం. మధ్యభాగం అంచులకన్నా వేగంగా కదులుతుంది గనుక పట్టీలు దిగువకు విల్లులా వంగుతాయి. చెట్టు కాండంలో వలయాలు లెక్కపెట్టినట్టు వీటిని లెక్కపెట్టవచ్చు. పల్చటి మంచు పడి, సూర్యుడు కొండ అంచున వాలినప్పుడు ఆ పట్టీల ఎత్తుపల్లాలు నీడలుగా తేలుతాయి. అప్పుడు పైనుంచి తీసిన బొమ్మలో లోయ కనిపించదు, కొండ కనిపించదు, వరసగా సంవత్సరాలు మాత్రమే కనిపిస్తాయి.

గాలి మలిచిన మంచు మెరకలున్నాయి, వాటిని రష్యన్ మాట నుంచి వచ్చిన సాస్త్రుగి అన్న పేరుతో పిలుస్తారు. నల్లటి దుమ్ము వేడెక్కి మంచుగడ్డలో గుంటలు తవ్వడం ఉంది. 1870లో గ్రీన్‌లాండ్‌లో చూసిన అన్వేషకుడు నార్డెన్‌షోల్డ్ ఆ దుమ్ముకు క్రయోకోనైట్ అని పేరు పెట్టాడు. ఇక పగుళ్లు, అంటే క్రెవాస్‌లు. మొదటిసారి ఆకాశం నుంచి తీసిన క్రెవాస్‌ల ఫొటో చూసినప్పుడు నాకు తట్టింది ఎండిన చెరువు అడుగు, మే నెలలో నెర్రెలిచ్చిన నల్లరేగడి. పోలిక పైపైది మాత్రమే, కారణాలు పూర్తిగా వేరు. రేగడి తేమ ఆరి ముడుచుకుపోయి పగులుతుంది, మంచుగడ్డ సాగదీతకు తట్టుకోలేక పగులుతుంది. రేగడిలో పగులు అన్ని వైపులా వెళ్తుంది; హిమానీనదంలో అది ప్రవాహపు దిశను బట్టి వరస కడుతుంది. ఆ వరస చూస్తే కింద నేల ఎక్కడ మెట్టులా ఉందో, లోయ ఎక్కడ ఇరుకైందో చెప్పవచ్చు.

ఇక వెలుతురు. ఐస్‌లాండ్ దక్షిణ తీరం 64 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 21న మధ్యాహ్నం సూర్యుడు దిగంతం మీద మూడు డిగ్రీలైనా లేవడు. మనకు సూర్యోదయమైన పావుగంటకు ఉండే ఎత్తు అది. పగలంతా ఉదయమే, వెంటనే సాయంత్రమే. చిన్న గరుకుకు కూడా పొడవాటి నీడ పడుతుంది, నీడలో ఆకాశపు నీలం నిండుతుంది, వెలుతురు పడ్డచోట నారింజ ఛాయ. మబ్బు పట్టిన రోజు మరో రకం: నీడలే ఉండవు, ఎత్తుపల్లాలు చదునైపోతాయి, మంచుగడ్డ లోపలి రంగు మాత్రం బాగా పలుకుతుంది. ఎండ లేదని బస చేసిన చోటే కూర్చునేవాళ్లు పోగొట్టుకునేది ఇదే. నీలపు మంచుగడ్డకు మబ్బే మంచి దీపం.

ఈ కళ ఇక్కడికి చేరిన దారి తిన్నగా లేదు. 1861లో ఓగుస్త్ రోజాలీ బిసాఁ మోంబ్లాఁ శిఖరం మీద గాజుపలకల కెమెరా నిలబెట్టాడు. 1866లో శామ్యూల్ బోర్న్, ఆనాటికి భారతదేశంలో పేరుమోసిన ఫొటోగ్రాఫర్, డజన్ల కొద్దీ కూలీలతో రసాయనాలూ చీకటి గుడారమూ మోయించుకుంటూ గంగోత్రి హిమానీనదం దాకా వెళ్లి గోముఖాన్ని తీశాడు. అదే ప్రయాణంలో 18,600 అడుగుల మణిరంగ్ కనుమ మీద కూడా ఫొటోలు తీశాడు. వాళ్ల పలకలకు ఒక లోపముండేది. తడి కొలోడియన్ నీలానికి మాత్రమే బాగా స్పందిస్తుంది, ఎరుపుకు స్పందించదు. దానివల్ల నీలం బొమ్మలో తెల్లగా పడుతుంది. ఆకాశం ఖాళీ కాగితమైపోయేది, పగుళ్లలోని లోతైన నీలం కూడా వెలిసిపోయేది. ఈనాడు మనం హిమానీనదం అనగానే తలచుకునే రంగే వాళ్ల పలకలకు చిక్కనిది. వాళ్ల బొమ్మల్లో ఆకారం ఉంది, రాయి ఉంది, పరిమాణం తెలిసేలా నిలబెట్టిన మనిషి ఉన్నాడు. లోపలి రంగు లేదు.

ఇటలీలోని బియెల్లాకు చెందిన విత్తోరియో సెల్లా దగ్గర ఈ కథ మలుపు తిరుగుతుంది. 1859లో పుట్టిన సెల్లా చలికాలపు పర్వతారోహణలో కూడా మొదటి వరసవాడు. 1882లో మాటర్‌హార్న్‌ను చలికాలంలో మొదటిసారి ఒకవైపు ఎక్కి ఇంకోవైపు దిగినవాళ్లలో ఉన్నాడు. తొలి రోజుల్లో 30×40 సెంటీమీటర్ల గాజుపలకలు వాడేవాడు. పెద్దది చేసి చూపించే సదుపాయం అరుదైన కాలంలో, పలక ఎంత పెద్దదైతే అంత వివరం. 1899లో పర్వతారోహకుడు డగ్లస్ ఫ్రెష్‌ఫీల్డ్‌తో కలిసి కాంచనజంగ చుట్టూ తిరిగాడు, 1909లో కె2 దగ్గర బాల్టోరో హిమానీనదాన్ని తీశాడు. ఆయన ఫొటోల్లో కొన్నింట్లో శిఖరం ఫ్రేమ్ పైకి తప్పుకుని, కిందంతా మంచుగడ్డ పగుళ్లే ఆక్రమిస్తాయి. అన్వేషణ యాత్రకు రికార్డుగా తీసినవే అవి, అయినా వాటిలో కన్ను ముందు గీతల మీద పడుతుంది. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1946లో సెల్లా మీద వ్యాసం రాసి మరీ గౌరవించడం ఊరకే కాదు.

అమెరికాలో సెల్లా యాత్రల తర్వాత మరోవైపు నుంచి పని జరిగింది. ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్స్ 1925 నుంచి సుమారు పదేళ్లు మబ్బులను మాత్రమే తీసి వాటికి ‘ఈక్వివలెంట్స్’ అని పేరు పెట్టాడు. నేల లేదు, పైనా కిందా తెలియదు. ప్రకృతిని తీస్తూనే దాని గుర్తులను తీసేయవచ్చని చూపించిన పని అది. హిమానీనదాల నైరూప్య చిత్రానికి తాత్విక తల్లి ఇక్కడుంటే, కన్నుతో చూపినవాడు బ్రాడ్‌ఫర్డ్ వాష్‌బర్న్. బోస్టన్ సైన్స్ మ్యూజియంను 1939 నుంచి నాలుగు దశాబ్దాలు నడిపిన ఈ పర్వతారోహకుడు 1930ల నుంచి అలాస్కా మీద చిన్న విమానాల్లో తిరుగుతూ, తలుపు తీసేసి, భారీ ఏరియల్ కెమెరాతో హిమానీనదాలను తీశాడు. ఆయనకు కావలసింది ఎక్కే దారి, పటం. వచ్చింది మాత్రం పొడవాటి నల్లచారలు సమాంతరంగా వంకలు తిరిగే మహా చిత్రాలు. ఉపనదుల్లా కలిసే హిమానీనదాల అంచుల రాళ్లు ఆ చారలు. పనికోసం తీసింది కళగా నిలబడడంలో వాష్‌బర్న్‌ను మించినవాళ్లు ఈ రంగంలో లేరని నేననుకుంటాను.

మన కాలానికి వస్తే ఐస్‌లాండ్ ఫొటోగ్రాఫర్ రాగ్నార్ అక్సెల్సన్‌ను తప్పక చెప్పుకోవాలి. 2018లో వచ్చిన ఆయన పుస్తకం ‘యొకుల్’ (ఆ మాటకు అర్థం హిమానీనదమే) అంతా నలుపు తెలుపుల్లోనే ఉంది. నీలంతో సులువుగా గెలవగలిగే చోట నీలాన్నే వదిలేశాడు. మిగిలింది బూడిద, మంచు, పగులు. పుటలు తిప్పుతుంటే ముసలివాళ్ల ముఖపు ముడతలు, జంతువుల చర్మం, ఎండిన కట్టె గుర్తొస్తాయి. ఆ పోలికలన్నీ కాసేపటికి సడలిపోయి మళ్లీ మంచుగడ్డే మిగులుతుంది. రంగు లేకుండా ఈ పని సాగదనేవాళ్లు ఆ పుస్తకం ఒకసారి చూడాలి.

ఇంకొక పాయ ఉపగ్రహాలది. అలాస్కాలోని మలాస్పినా హిమానీనదం మైదానంలోకి దిగి పరుచుకున్నప్పుడు దాని అంచుల మట్టిగీతలు మడతలు మడతలుగా తిరిగిన తీరు ల్యాండ్‌శాట్ చిత్రాల్లో బాగా పేరుపొందింది. ఈ పాయలో తెలుగు నేలకు కూడా చోటుంది. హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ షాద్‌నగర్ దగ్గరి భూకేంద్రంలో ఉపగ్రహాల సమాచారాన్ని అందుకుంటుంది. సింధు, గంగ, బ్రహ్మపుత్ర పరీవాహకాల్లోని హిమానీ సరస్సుల అట్లాసులు తయారుచేసింది అక్కడివాళ్లే. 2016-17లో గుర్తించిన 10 హెక్టార్లకు మించిన 2,431 సరస్సుల్లో 676 సరస్సులు 1984 నుంచి చెప్పుకోదగ్గంతగా పెరిగాయని ఇస్రో 2024లో ప్రకటించింది. ఎరుపు, నీలం కృత్రిమ రంగుల్లో వచ్చే ఆ పటాలను గోడకు తగిలిస్తే ఎవరైనా నైరూప్య చిత్రమే అనుకుంటారు. వాటి పక్కన తేదీ, అక్షాంశం, రేఖాంశం ఉంటాయి. ఈ చిన్న సంగతికి మళ్లీ వస్తాను.

చేతిపని గురించి కొంత. కెమెరాలోని మీటర్ లోకమంతా మధ్యస్థపు బూడిదరంగని అనుకుంటుంది. తెల్లటి మంచు చూపిస్తే దాన్నీ బూడిద చేస్తుంది. అందుకని ఎక్స్‌పోజర్‌ను ఒకటి నుంచి రెండు స్టాపులు పెంచి, హిస్టోగ్రామ్ కుడి అంచుకు గుద్దుకోకుండా చూసుకోవాలి. వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదిలేస్తే నీలాన్ని లోపంగా భావించి సరిదిద్దేస్తుంది. పగటి వెలుతురుకు, అంటే 5500 కెల్విన్ దగ్గర, కట్టేయడం మేలు. వైడ్ లెన్స్ కన్నా 100-400 లాంటి టెలీ లెన్స్ ఎక్కువ ఉపయోగం, దూరాన్ని దగ్గరకు తెస్తుందని కాదు, అక్కర్లేనిదాన్ని బయట ఉంచుతుందని. గడ్డకట్టే చలిలో బ్యాటరీ సగం పని కూడా చెయ్యదు. అదనపువాటిని చొక్కా లోపలి జేబులో ఒంటి వెచ్చదనంలో ఉంచుకోవాలి. తిరిగి వెచ్చటి గదిలోకి వచ్చేటప్పుడు కెమెరాను బయటే ప్లాస్టిక్ సంచిలో బిగించి తేవాలి, లేకపోతే గదిలోని తేమ చల్లటి అద్దాల మీద నీళ్లై కూర్చుంటుంది.

వీటన్నిటికన్నా కష్టమైన నిర్ణయం రంగుది. కంప్యూటర్ ముందు కూర్చుని నీలాన్ని రెండింతలు చేయడం అరనిమిషం పని. అలా చేసిన బొమ్మలు చూడగానే కంటిని లాగుతాయి, రెండోసారి చూస్తే రంగు డబ్బా గుర్తొస్తుంది. అసలు మంచుగడ్డలో నీలం ఒకటి కాదు. బుడగలున్నచోట పాలు కలిపినట్టు, లోతున్నచోట నల్లనేరేడు తొక్కలా, అంచుల్లో పచ్చటి ఛాయతో ఉంటుంది. స్లయిడర్ లాగగానే ఈ తేడాలన్నీ ఒకే రంగులోకి పోతాయి. బుడగలకూ ఒత్తిడికీ సంబంధించిన సమాచారమంతా ఆ తేడాల్లోనే ఉంది. దాన్ని పోగొట్టి అందం పెంచామనుకోవడం పొరపాటు.

ఎర్ర జాకెట్ మనిషిని నిలబెట్టే అలవాటు గురించి కూడా ఒక మాట. పరిమాణం తెలపడానికి బోర్న్ కాలం నుంచీ ఉన్న పద్ధతే అది. విహారయాత్రల ఫొటోల్లో ఇప్పుడది ముద్రలా స్థిరపడింది. నైరూప్య చిత్రానికి అది పనికిరాదు. మనిషి కనపడగానే కన్ను అతని దగ్గరకు పోయి, గీతలన్నీ అతనికి వెనక తెరగా మారిపోతాయి.

చలికాలపు మంచు అందాన్ని ఇచ్చినట్టే ప్రమాదాన్నీ కప్పిపెడుతుంది. పగుళ్ల మీద పల్చటి మంచు వంతెనలు కడుతుంది. పైనుంచి చదునుగా ఉంటాయి, కింద పదుల మీటర్ల లోతు. ఆ చోటు తెలిసిన గైడ్ లేకుండా, తాడూ బూటుముళ్లూ లేకుండా, ఫ్రేమ్ కోసం నాలుగడుగులు పక్కకు వేయడం కూడా తగదు. మంచు గుహలు ఎండాకాలపు కరుగునీరు తొలిచిన సొరంగాలు. చలికి నీరు ఆగినప్పుడే లోపలికి పోవడానికి కొంత వీలు. 2024 ఆగస్టు 25న బ్రెయిడమెర్కుర్‌యొకుల్ మీద మంచుగోడ కూలి ఒక అమెరికన్ యాత్రికుడు చనిపోయాడు. నెల ఆగస్టు అన్నది గమనించాలి. హిమానీనదం దగ్గర కాలమంటే క్యాలెండరు మాత్రమే కాదు, మంచుగడ్డ ఎంత గట్టిగా ఉందన్న లెక్క కూడా.

ఇప్పుడు మొదట్లో వదిలేసిన ఆక్షేపణకు వద్దాం. దాన్ని గట్టిగా వినిపించింది రికార్డు తీసేవాళ్ల పని. ఫొటోగ్రాఫర్ జేమ్స్ బేలాగ్ 2007లో ఎక్స్‌ట్రీమ్ ఐస్ సర్వే మొదలుపెట్టి హిమానీనదాల ముందు కదలని కెమెరాలు నిలబెట్టాడు. 2008 మే 28న ఆయన బృందం గ్రీన్‌లాండ్‌లోని ఇలులిసాట్ దగ్గర 75 నిమిషాల పాటు మంచుగోడ విరిగిపడడాన్ని చిత్రీకరించింది. 2012 నాటి ‘చేజింగ్ ఐస్’ సినిమాకు గుండె ఆ దృశ్యమే. పర్వతారోహకుడు డేవిడ్ బ్రెషియర్స్ ఎవరెస్ట్ ఉత్తరం వైపు 1921 యాత్రలో తీసిన ఫొటోల చోట్లు వెతికి, అదే కోణంలో మళ్లీ తీసి రోంగ్‌బుక్ హిమానీనదం ఎంత కుంగిందో చూపించాడు. స్విట్జర్లాండ్ హిమానీనదాలు 2022, 2023 రెండేళ్లలోనే తమ పరిమాణంలో పదోవంతు పోగొట్టుకున్నాయి. వీటి ముందు మన నీలి గీతల బొమ్మ పెట్టి చూస్తే అది మౌనంగా ఉన్నట్టే తోస్తుంది. ఎక్కడ తీశారో, ఎప్పుడు తీశారో తెలియని బొమ్మ దేనికీ సాక్ష్యం చెప్పలేదు. చలికాలం దీన్ని ఇంకాస్త పెంచుతుంది. మంచు కప్పిన హిమానీనదం ఎప్పుడూ ఆరోగ్యంగానే కనిపిస్తుంది.

ఈ వాదనలో నిజముంది, కాని సగమే. హిమానీనదం రాళ్లగుట్టగా మారిన ఫొటో మనకు నష్టం చెబుతుంది. నష్టపోయినది ఏమిటో చెప్పదు. బూడిద పొరల్లో శతాబ్దాలు, విల్లు పట్టీల్లో సంవత్సరాలు, బుడగల్లో పాతగాలి దాచుకున్న పదార్థం అది అని చూపించగలిగేది దగ్గరికి వెళ్లి, దిగంతాన్ని వదిలేసి తీసిన బొమ్మే. కళాకారుడు ఓలాఫర్ ఎలియాసన్ పని ఈ రెండు వైపులనూ దగ్గర చేసింది. 1999లో ఐస్‌లాండ్ హిమానీనదాలను విమానం నుంచి తీసి 42 ఫొటోలను వరసల్లో పేర్చాడు. అప్పట్లో అవి రూపాల వరస, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసే ఆకారాలు. ఇరవై ఏళ్ల తర్వాత 2019లో అవే హిమానీనదాల మీద మళ్లీ ఎగిరి 30 జంటలు తయారుచేశాడు. మొదటి వరస ఒక్కసారిగా పత్రంగా మారింది. మారడానికి కారణం ఒక్కటే: ఏది ఎక్కడ ఎప్పుడు తీశాడో ఆయన దగ్గర రాసి ఉంది.

అందుకే ఫ్రేమ్‌లోంచి దిగంతాన్ని, ఆకాశాన్ని, మనిషిని తీసేయడానికి నాకేమీ అభ్యంతరం లేదు. ఫొటో కింద హిమానీనదం పేరు, తేదీ, నిలబడిన చోటు, కెమెరా చూసిన దిక్కు రాయకపోవడానికే అభ్యంతరం. ప్రదర్శనల్లో ‘శీర్షిక లేదు’, ‘నీలం 7’ లాంటి చీటీలు అంటించడం వేరే పదార్థానికి చెల్లుతుందేమో. 2014లో ఐస్‌లాండ్‌లోని ఓక్‌యొకుల్ కదలడం మానేసిందని గ్లేసియాలజిస్టు ఓద్దుర్ సిగుర్ద్‌సన్ తేల్చి దాన్ని హిమానీనదాల జాబితాలోంచి తీసేశాడు. 2019 ఆగస్టులో అక్కడ స్మారక ఫలకం పెట్టారు. ఒకప్పుడు ఆ మంచుగడ్డ మీద ఎవరైనా అందమైన పగులు ఫొటో తీసి ఉంటే, పేరు రాసి ఉంటే, ఈ రోజు దానికి వేరే విలువ. రాయకుండా వదిలేసిన ఫొటో ఇప్పుడు ఏ హిమానీనదానిదో తీసినవాడు కూడా చెప్పలేడు.

ఇంతటి సమీక్షలో మన దేశపు పేరు బోర్న్ దగ్గర, షాద్‌నగర్ దగ్గర తప్ప రాకపోవడం బాధే. కారణాలున్నాయి. హిమాలయపు చలికాలం ఐస్‌లాండ్ చలికాలం కాదు. గంగోత్రి 31 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. డిసెంబరు మధ్యాహ్నం కూడా సూర్యుడు 35 డిగ్రీలు దాటి ఉంటాడు, పక్కనుంచి తాకే వెలుతురు ఉదయం సాయంత్రం కొద్దిసేపే దొరుకుతుంది. మూతుల ఎత్తు నాలుగు వేల మీటర్ల దగ్గర, మీద మందపాటి రాళ్లు, మట్టి. ఆ రాళ్లను మంచు కప్పేసినప్పుడు రూపమే మారిపోతుంది. రాళ్ల మీద పల్చటి మంచు చారలుగా నిలిచిన దృశ్యం ఐస్‌లాండ్ ఇవ్వలేనిది. అటల్ సొరంగం 2020 అక్టోబరులో తెరుచుకున్నాక లాహౌల్ లోయకు చలికాలంలోనూ దారి ఏర్పడింది. అయినా చంద్రా నది వెంట ఛోటా శిగ్రి హిమానీనదం వైపు వెళ్లే రోడ్డు చలికాలమంతా మంచు కిందే. జాంస్కార్‌లో పెన్సీ లా కనుమ మీద నిలబడితే ద్రంగ్-ద్రుంగ్ మెలికలు తిరిగిన పాములా కింద పరుచుకుని కనిపిస్తుంది, వేసవిలో. అక్కడ చలికాలాన్ని చూస్తున్నది ఆ లోయల్లో ఉండిపోయే జనం. కెమెరా వాళ్ల చేతుల్లో ఉంటే ఈ ఖాళీ పూడుతుందని నా ఆశ.

ఇక గోముఖం. బోర్న్ అక్కడ నిలబడి 160 ఏళ్లు కావస్తోంది. ఆ మూతి అప్పటి నుంచి ఎంతో వెనక్కి జరిగింది. వెనక్కి జరిగిన దారిని కొలిచిన ఫొటోలు బోలెడున్నాయి, యాత్రికుల ఫొటోలు అంతకన్నా ఎక్కువ. జనవరిలో గాలి ఊడ్చిన దాని మంచుగడ్డ ముఖం మీద గీతలు ఎలా ఉంటాయో చూపే పని మాత్రం నా కంటపడలేదు. గంగోత్రి జాతీయ ఉద్యానం గేట్లు నవంబరు చివర మూస్తారు. మళ్లీ ఏప్రిల్ 1న తెరిచేనాటికి అక్కడి మధ్యాహ్నపు సూర్యుడు అరవై డిగ్రీలు దాటి ఉంటాడు.